మనం కాపురమున్న నేల ఎవరిది?



ఈసారి ఒక ప్రశ్న మీ ముందు పెడుతున్నాను. ఒక భూమిని ఎవరో ఎప్పుడో దోచుకున్నారు. దోచుకున్నది మనం కాదు, మన తాతలూ కాదు. కానీ ఈరోజు ఆ భూమి మీద మనం ఇల్లు కట్టుకుని ఉంటున్నాం. ఆ దోపిడీ గురించి తెలుసుకోవాల్సిన బాధ్యత మనకి ఉంటుందా? తెలుసుకున్నాక నలుగురిలో ఒప్పుకోవాల్సిన బాధ్యత ఉంటుందా?

ఇదేదో ఊరికే తర్కం కోసం అడిగే ప్రశ్న కాదు. మన పేటల నుంచి, సోషల్ వెల్ఫేర్ హాస్టళ్ల నుంచి చదువుకుని పైకొచ్చిన పిల్లలు ఆస్ట్రేలియా దాకా వెళ్లారు. సిడ్నీ నగరానికి పడమటి వైపున్న పారమాటా, వెంట్‌వర్త్‌విల్, టూంగాబీ, బ్లాక్‌టౌన్, మార్స్‌డెన్ పార్క్ లాంటి చోట్ల ఇప్పుడు వీధిలో తెలుగు మాట వినపడుతుంది. కోడలి కాన్పుకో, కూతురి కొత్త ఇంట్లో వందనానికో ఇక్కడి నుంచి అమ్మానాన్నలు వెళ్లి నెలల తరబడి ఉండి వస్తున్నారు. మనవాళ్ల ఇంటి గోడ మీద బాబాసాహెబ్ ఫొటో ఉంటుంది, పక్కన బుద్ధుడు ఉంటాడు. ఆ గోడ ఎవరి నేల మీద లేచిందో మాత్రం అడిగేవాళ్లు తక్కువ.

అక్కడ బడిలో, ఆఫీసులో, సభలో కార్యక్రమం మొదలుపెట్టే ముందు చాలాసార్లు ఒక మాట చెబుతారు. ఈ నేలను తరతరాలుగా కాపాడుకుంటూ వచ్చినవాళ్లు ఫలానా జనం, వాళ్ల పెద్దలకు మా గౌరవం అని. మనవాళ్లూ తల వంచి నిలబడతారు. ఆ ఫలానా జనం ఎవరో, వాళ్లకి ఏం జరిగిందో తెలియకుండానే ఆ మాట అయిపోతుంది. అందుకని ముందు ఆ కథ చూద్దాం, తర్వాత ప్రశ్నకి వద్దాం.

ఆ నేల కథ

ఆస్ట్రేలియాలో ఆదివాసులు 50 వేల ఏళ్లకు పైగా బతుకుతున్నారు. 1788 జనవరి 26న ఇంగ్లండ్ ఓడలు సిడ్నీ రేవులో జెండా పాతాయి. ఎవరి అనుమతీ అడగలేదు, ఎవరితో ఒప్పందమూ రాసుకోలేదు. ఆ భూమికి యజమానులే లేరన్నట్టు తెల్లవాళ్ల చట్టం నడిచింది. మనుషులు కళ్ల ముందు తిరుగుతుంటే ఇది ఎవరిదీ కాని భూమి అన్నారు. ఎదురుగా ఉన్న మనిషిని లెక్కలోకి తీసుకోకపోవడం అంటే ఏమిటో మనకి వేరే చెప్పాలా? మరుసటి ఏడాది, 1789లో, మశూచి వచ్చి సిడ్నీ చుట్టుపక్కల ఆదివాసులను గుంపులు గుంపులుగా తుడిచిపెట్టింది.

సిడ్నీకి పడమట ఉన్న నేల దారుగ్ జనానిది. పారమాటా అన్న పేరు వాళ్ల భాషలోదే. పాముల్లా ఉండే మలుగు చేపలు చేరే చోటు అని దానికి అర్థం చెబుతారు. టూంగాబీ కూడా వాళ్ల మాటే. మనుషుల్ని తరిమేశారు గానీ పేర్లు ఉంచుకున్నారు.

వాళ్లు ఊరికే వదులుకోలేదు. పెమల్వుయ్ అనే వీరుడు పన్నెండేళ్ల పాటు పోరాడాడు. 1797లో టూంగాబీ మీద దాడి చేసి, పారమాటాలో సైనికులకి ఎదురు నిలిచి, ఒళ్లంతా తుపాకీ గాయాలతో పట్టుబడి, కాలికి సంకెలతోనే తప్పించుకుపోయాడు. 1802లో అతన్ని కాల్చి చంపారు. తల నరికి ఇంగ్లండుకు పంపారు. ఆ తల ఎక్కడుందో ఈ రోజుకీ దొరకలేదు. ఇప్పుడు అక్కడ పెమల్వుయ్ పేరుతో ఒక కాలనీ ఉంది.

ఇక బ్లాక్‌టౌన్. ఆ పేరు ఎలా వచ్చింది? గవర్నర్ మక్వారీ 1815లో పారమాటాలో ఆదివాసీ పిల్లల కోసం ఒక హాస్టల్ బడి తెరిచాడు. చదువు చెప్పడం పైకి కనిపించేది. తల్లిదండ్రుల నుంచి, వాళ్ల భాష నుంచి పిల్లల్ని విడదీయడం లోపల ఉన్నది. 1823లో ఆ బడిని ఇంకొంచెం పడమటికి మార్చారు. ఆ చోటుకి నల్లవాళ్ల ఊరు అని పేరు పడిపోయింది. మన ఊళ్లలో మాలపల్లి, మాదిగగూడెం అని ఊరికి దూరంగా పేరు పెట్టినట్టే.

ఆ బడిలో చదివిన మరియా అనే అమ్మాయి గురించి మీరు తప్పక తెలుసుకోవాలి. 1819లో తెల్లపిల్లల్నీ ఆదివాసీ పిల్లల్నీ కలిపి ఒక పరీక్ష పెట్టారు. దాదాపు వంద మంది తెల్లపిల్లల్ని దాటి 14 ఏళ్ల ఆదివాసీ అమ్మాయి మొదటి బహుమతి కొట్టింది. ఆ అమ్మాయి మరియానే అని చాలామంది చరిత్రకారులు అంటారు. ఆమె అన్నదమ్ముడు కోల్బీకి ప్రభుత్వం 30 ఎకరాలు ఇచ్చింది. అతను చనిపోయాక, ఆ భూమి నాకు రావాలని 1831లో ఆమె గవర్నర్‌కి అర్జీ పెట్టుకుంది. 30 ఎకరాల కోసం పన్నెండేళ్లు తిరిగి 1843లో సాధించుకుంది. 1878లో ఆమె చనిపోయాక తొమ్మిది మంది బిడ్డలు ఆ భూమి పంచుకున్నారు. కానీ 1920 వచ్చేసరికి, అది సొంత భూమి అన్న మాటే పక్కన పెట్టి, ఆదివాసుల కోసం కేటాయించిన సర్కారు భూమిగా లెక్కగట్టి రద్దు చేసేశారు.

చదువుకున్న మొదటి తరం అమ్మాయి. క్లాసులో ఫస్టు. చేతిలో అర్జీ. చివరికి భూమి మళ్లీ సర్కారుకే. ఈ కథ చదువుతుంటే మీకు మన ఊరు గుర్తుకు రావడం లేదా? ఇది జరిగిన చోటు మన పిల్లలు ఇళ్లు కొనుక్కుంటున్న మార్స్‌డెన్ పార్క్ పక్కనే. కోల్బీ పేరుతో అక్కడ కాలనీ ఉంది. ఆ 30 ఎకరాల్లో అతనితో పాటు పేరున్న నరంజింజీ పేరుతో, మనవాళ్లు పిక్నిక్ చేసుకోగలిగిన పార్కు ఉంది. ఆ పాత బడి ఉన్న స్థలాన్ని 2018లో దారుగ్ జనానికి తిరిగి అప్పజెప్పారు.

ఇందులో ఒక చేదు ముక్క కూడా ఉంది, దాచకూడదు. 1816లో మక్వారీ పంపిన సైనికులు అప్పిన్ దగ్గర కనీసం 14 మంది ఆదివాసుల్ని చంపారు. ఆ ఏడాది సైన్యానికి దారి చూపించినవాళ్లలో కోల్బీ, నరంజింజీ ఉన్నారు. 30 ఎకరాలు దానికి బహుమానమే. అణిచివేతలో పడ్డ మనిషి బతకడం కోసం ఎటు నిలబడాల్సి వచ్చిందో, బయట కూర్చున్న మనం సులువుగా తీర్పు చెప్పలేం. కానీ చరిత్ర తెలుసుకోవడమంటే మనకి నచ్చిన ముక్కలే ఏరుకోవడం కాదు.

"మేం దొంగతనం చేయలేదు కదా!"

ఇప్పుడు ప్రశ్నకి వద్దాం. మనవాళ్లు ఇలా అంటారు: "మేమూ అణగారినవాళ్లమే. మా తాతకి సెంటు భూమి లేదు. మేం బ్యాంకు లోను పెట్టి, ముప్పై ఏళ్లు వాయిదాలు కడుతూ ఇల్లు కొనుక్కున్నాం. తెల్లవాడు చేసిన పాపం మాకెందుకు?"

ఈ మాటలో న్యాయం లేదని అనను. మరి మన ఊరి అనుభవంతో ఒకసారి పరీక్షిద్దాం. ప్రభుత్వం మన నాన్నకి రెండెకరాల అసైన్డ్ పట్టా ఇచ్చింది అనుకోండి. ఊరి పెద్ద రైతు అప్పు కింద రాయించుకున్నాడు. అతను పట్నం ఆసామికి అమ్మాడు. పట్నం ఆసామి "నేను డబ్బులిచ్చి కొన్నాను, నాకేం సంబంధం" అంటాడు. మనం ఊరుకుంటామా? 1977లో అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం వచ్చింది అందుకే కదా. డబ్బులిచ్చాను అన్నంత మాత్రాన అలాంటి కొనుగోలు చెల్లదని ఆ చట్టం చెప్పింది. అదే చట్టం ఇంకో మాట కూడా చెప్పింది. చట్టం రాకముందు మోసం లేకుండా కొనుక్కున్న భూమిలేని పేదవాణ్ని వేరుగా చూసింది. అంటే కొన్న ప్రతివాడూ దొంగ కాదు. అయినా ఆ భూమి మొదట ఎవరిది అన్న ప్రశ్న మాత్రం చెరిగిపోదు.

ఆస్ట్రేలియాలో మన పిల్లల ఇంటిని ఎవరూ తిరిగి అడగడం లేదు. 1992 జూన్ 3న అక్కడి హైకోర్టు మాబో కేసులో, ఎవరిదీ కాని భూమి అన్న వాదం చెల్లదని తీర్పు ఇచ్చింది. ఆ కేసు నడిపిన ఎడ్డీ కోయికి మాబో తీర్పు వినకుండానే, ఐదు నెలల ముందు కన్ను మూశాడు. కానీ అప్పటికే సొంత హక్కుతో ఇచ్చేసిన ఇళ్ల స్థలాలకి ఆ తీర్పు వర్తించదు. కాబట్టి చట్టం మనవాళ్లని ఏమీ అడగదు. చట్టం అడగని చోటే శీలం పని మొదలవుతుంది.

రెండో శీలం ఏమిటి? ఇవ్వనిదాన్ని తీసుకోకుండా ఉండడం. అదిన్నాదానం అంటే ఇవ్వనిది తీసుకోవడం. ఆ నేలను దారుగ్ జనం ఎవరికీ ఇవ్వలేదు. తీసుకున్నది మనం కాకపోవచ్చు. కానీ ఇచ్చినదే అన్నట్టు, అసలు ఇవ్వాల్సినవాళ్లే లేరన్నట్టు బతికితే, ఆ అబద్ధంలో మనకీ వాటా ఉంటుంది. దొంగతనం పాతదే, కానీ "ఇక్కడ ఎవరూ లేరు" అన్న అబద్ధాన్ని ప్రతి తరం మళ్లీ కొత్తగా చెబుతుంది. దాన్ని చెప్పకుండా ఉండడం మన చేతుల్లో ఉంది.

దుఃఖం ఉందని గుర్తించడం, దాన్ని తొలగించే దారి చూపడం, ఈ రెండే ధమ్మానికి పునాది అని బాబాసాహెబ్ మనకి చెప్పారు. గుర్తించడం ముందు వచ్చింది, చూడండి. గుర్తించని దుఃఖాన్ని ఎవరు తొలగిస్తారు?

రోహిణీ నది గొడవ మీరు "బుద్ధుడు, ఆయన ధమ్మం"లో చదివే ఉంటారు. నీళ్ల కోసం శాక్యులకీ కోలియులకీ కొట్లాట జరిగింది. శాక్య సంఘం యుద్ధానికి సిద్ధమైంది. సిద్ధార్థుడు లేచి ఏమన్నాడు? ముందు నిజం విచారించండి, నాకు తెలిసినంతలో మనవాళ్ల తప్పు కూడా ఉంది అన్నాడు. అటు ఇద్దరు, ఇటు ఇద్దరు, వాళ్లంతా కలిసి ఎన్నుకున్న అయిదో మనిషి కూర్చుని తేల్చాలన్నాడు. సంఘం వినలేదు. చివరికి ఇల్లు వదిలాడు గానీ ఆ మాట వదల్లేదు. మన వైపు చరిత్రని కూడా విచారించమనే ధైర్యంతోనే ధమ్మం మొదలైంది. అవతలివాడి చరిత్ర వినడం దానికన్నా కష్టమా?

రెండు తేదీలు

మన క్యాలెండర్లో రెండు తేదీలకి ఎర్ర గీత ఉంటుంది. రెండింటికీ అక్కడ వేరే అర్థం ఉంది.

మొదటిది జనవరి 26. మనకి బాబాసాహెబ్ రాసిన రాజ్యాంగం అమల్లోకి వచ్చిన రోజు. అక్కడ అది ఆస్ట్రేలియా డే, సెలవు, సంబరం. ఆదివాసులకి మాత్రం అది భూమి పోయిన రోజు. 1938లో, ఓడలొచ్చి 150 ఏళ్లయిందని నగరమంతా ఊరేగింపులు చేస్తుంటే, విలియం కూపర్, జాక్ పాటెన్, విలియం ఫెర్గూసన్ లాంటి నాయకులు సిడ్నీలో ఒక హాలులో చేరి దాన్ని సంతాప దినంగా ప్రకటించారు. మాకు పూర్తి పౌరహక్కులు కావాలని తీర్మానం చేశారు. మన పిల్లలు అక్కడ అదే రోజు మన రిపబ్లిక్ డే జరుపుకుంటారు. జరుపుకోవాలి కూడా. కానీ సమానత్వం రాసుకున్న రోజని మనం పండుగ చేసుకుంటూ, అదే రోజు పక్కింటి మనిషి ఎందుకు ఏడుస్తున్నాడో తెలియకపోతే ఆ సమానత్వం మన ఒక్కరిదేనా?

రెండోది అక్టోబర్ 14. 1956లో నాగపూర్‌లో ధమ్మ దీక్ష జరిగిన రోజు. 2023లో సరిగ్గా అదే తేదీన ఆస్ట్రేలియాలో రెఫరెండం జరిగింది. ఆదివాసుల విషయాల్లో పార్లమెంటుకి సలహా చెప్పే ఒక వేదికని రాజ్యాంగంలో పెట్టాలా వద్దా అని అడిగారు. దాదాపు 60 శాతం వద్దన్నారు. ఆరు రాష్ట్రాలూ వద్దన్నాయి. ఎవరు ఎటు ఓటేశారని ఇక్కడ ఆరా తీయడం లేదు. రాజ్యాంగంలో ఒక్క వాక్యం కోసం ఎదురుచూసిన మనిషి బాధ ప్రపంచంలో ఎవరికన్నా బాగా తెలియాల్సింది మనకే అంటున్నాను.

మనకి తగిలిన మాటే మన నోట

ఇంకో విషయం. ఇది చెప్పడానికి మొహమాటంగా ఉన్నా చెప్పాలి. అక్కడి తెలుగు ఇళ్లలో ఆదివాసుల గురించి ఏం మాట్లాడుకుంటారో ఎప్పుడైనా విన్నారా? "తాగుబోతులు, పని చేయరు, గవర్నమెంటు ఊరికే డబ్బులిస్తుంది, వాళ్లకి సీట్లు వేరే" అని.

ఈ మాటలు మనం ఎక్కడ విన్నాం? కాలేజీలో విన్నాం, ఆఫీసులో విన్నాం. రిజర్వేషన్ సీటు అని గొణిగినవాళ్ల నోట విన్నాం. అదే పాట దేశం మారాక మనోళ్ల నోటికి ఎక్కితే, కులం మనల్ని వదిలిందా, మనతో పాటు విమానం ఎక్కిందా? మెట్లలో మన కింద ఇంకొక మెట్టు వెతుక్కోమని నేర్పడమే కులం బలం. విదేశంలో మనకి కుల వివక్ష చూపిస్తున్నారని, దాన్ని గుర్తించమని మనవాళ్లు అక్కడి ప్రభుత్వాన్ని అడుగుతున్నారు. న్యాయమైన కోరిక. అడిగే నోరు ఇంకొకరి గాయాన్ని ముందు గుర్తించి ఉంటే ఆ కోరికకి బరువు ఉంటుంది.

ఎలా ఒప్పుకోవాలి, ఎలా ఒప్పుకోకూడదు

ఒట్టి మంత్రంలా చెప్పకూడదు. అర్థం తెలియని శ్లోకాన్ని పూజారి చదివితే తప్పు పట్టినవాళ్లం, అర్థం తెలియని గౌరవ వాక్యాన్ని మనం చదవొచ్చా? దానికి చిన్న పరీక్ష ఉంది. మీరు ఉంటున్న నేల జనం పేరు, అక్కడి వాగు పాత పేరు, అక్కడ జరిగిన ఒక్క సంఘటన చెప్పగలరా? చెప్పగలిగితే ఆ వాక్యం మీది. లేకపోతే ఇంకా అరువుదే.

గుండెలు బాదుకోనక్కర్లేదు. ఒంటిని హింసించుకునే దారిని బుద్ధుడు వదిలేశాడు. అపరాధ భావం మనిషిని తన చుట్టూనే తిప్పుతుంది. ఒప్పుకోవడమంటే చూపు అవతలివాళ్ల వైపు తిప్పడం. సిడ్నీకి చాలా దూరాన, ఉత్తరాన, మయాల్ క్రీక్ అనే చోటు ఉంది. 1838 జూన్ 10న అక్కడ కనీసం 28 మంది ఆదివాసుల్ని పశువుల కాపరులు చంపారు. 2000 సంవత్సరంలో అదే తేదీన అక్కడ స్మారకం పెట్టినప్పుడు చచ్చినవాళ్ల వారసులూ, చంపినవాళ్ల వారసులూ ఒకే చోట నిలబడ్డారు. చంపినవాడి మనవడు హంతకుడు కాదు. అయినా వచ్చి నిలబడ్డాడు. దాన్నే ఒప్పుకోవడం అంటారు.

వాళ్ల కథని మన కథలో కలిపేసుకోకూడదు. "మనమూ మూలవాసులమే, ఇద్దరం ఒకటే" అని కొందరు తొందరపడతారు. అంటరానితనానికి జాతి భేదం మూలం కాదని బాబాసాహెబ్ వాదించారు. నెత్తురు ఒకటైతేనే మైత్రి అనుకుంటే అది ధమ్మం చెప్పే మైత్రి కాదు. వాళ్ల దుఃఖం మనదానికి నకలు కాదు. వేరేదై ఉండి కూడా మనకి పట్టాలి.

పేరు పెట్టి చెప్పడం ఎందుకంత ముఖ్యమో మనకి తెలుసు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని చంపారు. శిక్ష పడినవాళ్లని 2014లో హైకోర్టు వదిలేసింది. కోర్టు లెక్కలో ఎవరూ చంపలేదు. కానీ చనిపోయినవాళ్లని ఊరి మధ్యే సమాధి చేసుకుని రక్తక్షేత్రం అని పేరు పెట్టుకున్నాం. ఆ దారిన పోయేవాడు అది చూడకుండా పోలేడు. రేపు ఎవరో పరదేశి వచ్చి చుండూరులో స్థలం కొనుక్కుంటే, వాడు ఆ ఎనిమిది మంది గురించి తెలుసుకోవాలని మనం కోరుకోమా? మనం కోరుకునేదే వాళ్లూ కోరుకుంటున్నారు.

చేయాల్సిన పనులు

మీ అబ్బాయో అమ్మాయో అక్కడ ఉంటే ఈసారి ఫోన్లో ఒక్క మాట అడగండి: "మీరుండే నేల ఎవరిది నాయనా?" జవాబు తెలియకపోతే తప్పేం లేదు. తెలుసుకొమ్మనండి. ఊరి లైబ్రరీలో, కౌన్సిల్‌లో ఆ వివరాలు ఉంటాయి.

మీరే వెళ్తే, మనవణ్ని తీసుకుని పార్కుకి వెళ్లినప్పుడు ఆ పార్కు పేరు వెనక మనిషి గురించి చెప్పండి. పెమల్వుయ్ కథ, మరియా కథ వాడికి తెలుగులో చెప్పండి. జ్యోతిబా, సావిత్రిబాయి కథల పక్కన అవి చక్కగా కూర్చుంటాయి.

అక్కడ ఇళ్లలో, హాళ్లలో వందనానికి చేరేవాళ్లు త్రిశరణ పంచశీలాలకి ముందు ఆ నేల జనాన్ని తలుచుకోండి. చూసి చదవడం కాకుండా మన తెలుగులో మన మాటల్లో చెప్పండి. ఒక విషయం గుర్తుంచుకోండి: ఆ నేలకి స్వాగతం పలికే హక్కు ఆ నేల పెద్దలదే. గౌరవం తెలపడం ఎవరైనా చేయొచ్చు. వాళ్ల పెద్దల్ని పిలిస్తే వాళ్ల సమయానికి, రాకపోకలకి తగినది ఇచ్చి పిలవండి. మన కళాకారుల్ని ఊరికే డప్పు కొట్టమంటే మనకెంత కోపం వస్తుందో తెలుసు కదా.

జనవరి 26న రాజ్యాంగ పీఠిక చదివేటప్పుడు, ఆ రోజు ఆ నేలకి ఏం జరిగిందో కూడా ఒక మాట చెప్పండి. ఎవరైనా "తాగుబోతులు" అని మొదలుపెడితే, అక్కడే ఆపండి. సమ్యక్ వాచ అంటే మనం అబద్ధం ఆడకపోవడమే కాదు, మన ముందు ఆడుతున్న అబద్ధానికి తల ఊపకపోవడం కూడా.

ఇవన్నీ చేస్తే ఆ భూమి దారుగ్ జనానికి తిరిగొచ్చేస్తుందా? రాదు. ఆ మాట నిజాయితీగా చెప్పుకుందాం. కానీ "ఇక్కడ ఎవరూ లేరు" అన్న రెండు వందల ఏళ్ల అబద్ధానికి ఒక ఇంట్లోనైనా చోటు ఉండదు. బాబాసాహెబ్ ఫొటో ఉన్న ఇల్లు ఆ ఇల్లు కావాలి.

జై భీమ్.